అంతర్యుద్ధకాలపు కుటుంబ లేఖలు: విధేయత, త్యాగం – విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు –
• కుటుంబ లేఖను సాహిత్య ప్రక్రియగా గుర్తించి, దాని లక్షణాలను వివరించగలుగుతారు.
• అంతర్యుద్ధ సమయంలో విధేయత, త్యాగం అనే భావనలు ఎలా చీలిపోతాయో సోదాహరణంగా చెప్పగలుగుతారు.
• లేఖకూ మౌఖిక కథనానికీ ఆత్మకథకూ ఉన్న తేడాలను తెలంగాణ సాయుధ పోరాట సాహిత్యం ఆధారంగా విశ్లేషించగలుగుతారు.

1.0 పరిచయం

ఫోన్లు లేని రోజుల్లో పాలమూరు పల్లెలకు ఉత్తరమే ఆధారం. తిమ్మాజిపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల నుండి బొంబాయికీ పుణెకూ ఆనకట్టల పనులకూ వలస వెళ్ళిన వారి క్షేమ సమాచారం కార్డుముక్క మీదే ఇల్లు చేరేది. చదువు రాని ఇంట్లో ఆ కార్డును మరొకరు చదివి వినిపించేవారు, జవాబునూ మరొకరే రాసేవారు. అందువల్ల మన ప్రాంతంలో కుటుంబ లేఖ ఇద్దరి మధ్య రహస్యంగా ఉండేది కాదు. రాసే చెయ్యి ఒకరిది, మాట ఒకరిది, వినే చెవులు నలుగురివి. ఈ పాఠం చదివేటప్పుడు ఈ సంగతిని మనసులో ఉంచుకోండి.

యుద్ధకాలపు కుటుంబ లేఖలు ప్రపంచ సాహిత్యంలో ప్రత్యేక స్థానం పొందాయి. పరాయి దేశంతో జరిగే యుద్ధంలో శత్రువు ఎవరో స్పష్టంగా ఉంటుంది. అంతర్యుద్ధంలో అలా ఉండదు. అన్నదమ్ములు, బావమరదులు, ఒకే ఊరివాళ్ళు ఎదురెదురు పక్షాల్లో నిలబడతారు. ‘నేను ఎవరికి విధేయుణ్ణి?’ అన్న ప్రశ్న ఇంట్లోనే పుడుతుంది. ఆ ప్రశ్నకు కొందరు లేఖల్లో జవాబు చెప్పారు. కొందరికి లేఖ రాసే అవకాశమే లేకపోయింది. ఈ రెండు స్థితులనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

1.1 లేఖ – సాహిత్య ప్రక్రియ

లేఖకు మూడు ముఖ్య లక్షణాలున్నాయి. మొదటిది దూరం. దగ్గర ఉన్నవారికి ఉత్తరం రాయం. రెండవది ఉద్దిష్ట పాఠకుడు. కవి అందరికోసం రాస్తాడు, లేఖకుడు ఒక్కరికోసం రాస్తాడు. మూడవది అసంపూర్ణత. లేఖ రాసేనాటికి తరువాత ఏం జరుగుతుందో రాసినవారికి తెలియదు. ఆత్మకథ రాసేవారికి ముగింపు ముందే తెలుసు. అందుకే యుద్ధానికి ముందు రాసిన లేఖను మనం చదివేటప్పుడు, రాసినవారికి తెలియనిది మనకు తెలిసి ఉంటుంది. ఆ లేఖ కలిగించే కరుణకు మూలం చాలావరకు ఇదే.

వీటితోపాటు విమర్శకుడు పట్టించుకోవలసిన నాలుగో విషయం ఒకటుంది. అది భద్రత. ఏ లేఖ నిలిచింది, ఎవరు దాచారు, ఎందుకు దాచారు అన్నవి కూడా లేఖ అర్థంలో భాగమే. రాసిన లేఖలన్నీ చరిత్రకు దక్కవు. పెట్టె, తీరిక, చదువు ఉన్న ఇంటి లేఖలు నిలుస్తాయి.

1.2 అంతర్యుద్ధం – కుటుంబం

తెలుగువారికి ఈ వస్తువు కొత్త కాదు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం సవతి సోదరులైన నలగామరాజు, మలిదేవరాజుల మధ్య కారెంపూడి వద్ద జరిగింది. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యంలోనూ, వీరవిద్యావంతులు పాడే కథలోనూ బాలచంద్రుడు యుద్ధానికి వెళ్ళే ముందు తల్లి ఐతాంబ వద్ద, భార్య మాంచాల వద్ద సెలవు తీసుకొనే ఘట్టాలు శ్రోతలను ఎక్కువగా కదిలిస్తాయి. అక్కడ లేఖ లేదు, వీడ్కోలు సంభాషణ ఉంది. అయినా వీడ్కోలు లేఖలో కనిపించే అంశాలన్నీ అందులో ఉన్నాయి: ప్రేమ, కర్తవ్యం, మరణ సూచన, వెనుక మిగిలేవారి స్థితి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. వీరగాథలో స్త్రీ వీడ్కోలు చెప్పిన తరువాత కథ రణరంగానికి వెళ్ళిపోతుంది. ఇంట్లో మిగిలిన ఆమె రోజులు ఎలా గడిచాయన్నది కావ్యానికి ప్రధానం కాదు. ఆ ఖాళీని పూరించినవి స్త్రీల పాటలు. లక్ష్మణుడు అడవికి వెళితే పద్నాలుగేళ్ళు ఇంట్లో మిగిలిపోయిన ఊర్మిళ కథను ‘ఊర్మిళాదేవి నిద్ర’గా పాడుకొన్నది స్త్రీలే. వెళ్ళినవారి మాట కావ్యమైతే, మిగిలినవారి మాట పాటయింది.

1.3 అమెరికా అంతర్యుద్ధం – మూడు లేఖలు

1861 నుండి 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధం బానిసత్వం సమస్యగా పుట్టి, ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య పోరుగా సాగింది. సైనికుల్లో చదువు వచ్చినవారు ఎక్కువ కావడంతో, టపా వ్యవస్థ పనిచేయడంతో వేలాది కుటుంబ లేఖలు నిలిచాయి. వాటిలో మూడింటిని పరిశీలిద్దాం.

1.3.1 సల్లివన్ బలూ లేఖ

సల్లివన్ బలూ రోడ్ ఐలండ్ రాష్ట్రానికి చెందిన న్యాయవాది, ఉత్తరాది సైన్యంలో మేజరు. 1861 జూలై 14న వాషింగ్టన్ శిబిరం నుండి భార్య సారాకు ఒక లేఖ రాశాడు. వారం తరువాత, జూలై 21న బుల్ రన్ వద్ద జరిగిన మొదటి పెద్ద యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డాడు, కొద్ది రోజులకే మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 32 సంవత్సరాలు. ఇద్దరు చిన్న కొడుకులు. సారా మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, 1917 వరకు జీవించింది. 1990లో కెన్ బర్న్స్ తీసిన డాక్యుమెంటరీలో ఈ లేఖను కుదించి చదివి వినిపించడంతో ఇది ప్రపంచమంతటా ప్రసిద్ధమైంది.

ఈ లేఖ నిర్మాణం చూడండి. బలూ మొదట తన మరణం సంభవమని చెబుతాడు. తరువాత దేశం పట్ల, స్వాతంత్ర్యం సాధించిన పూర్వతరం పట్ల తనకున్న ఋణాన్ని చెబుతాడు. ఆ ఋణం తీర్చడానికి తన సుఖాన్నే కాదు, భార్యాబిడ్డల సుఖాన్ని కూడా ఇచ్చేయడం న్యాయమేనా అని తననే ప్రశ్నించుకొంటాడు. ఆపై ప్రేమ వస్తుంది. భార్య మీద ప్రేమ తనను బలమైన మోకులతో కట్టేసిందనీ, దేశం మీద ప్రేమ ఆ బంధాలతో సహా తనను పెనుగాలిలా ఈడ్చుకుపోతోందనీ అర్థం వచ్చేలా రాస్తాడు. చివర క్షమాపణ, పిల్లల బాధ్యత, మరణానంతరం కూడా తోడుంటానన్న ఓదార్పు.

ఈ లేఖ గొప్పతనం ఆ ప్రశ్నలో ఉంది. తన త్యాగంలో భార్యాబిడ్డల వాటా ఉందని బలూ గుర్తించాడు. సాధారణంగా వీరుడు తన ప్రాణాన్ని మాత్రమే లెక్కవేస్తాడు. బలూ ఇతరుల నష్టాన్నీ లెక్కలోకి తెచ్చాడు. అయితే పరిమితి కూడా ఇక్కడే ఉంది. ప్రశ్న ఆయనే అడిగి జవాబు కూడా ఆయనే చెప్పుకొన్నాడు. సారా ఏమంటుందో లేఖలో లేదు. అలాగే ఏ సమస్య యుద్ధానికి కారణమో ఆ బానిసత్వం ప్రస్తావన కూడా ఇందులో రాదు. దేశం, ప్రభుత్వం అన్న మాటలే వస్తాయి.

1.3.2 రాబర్ట్ లీ లేఖ

రాబర్ట్ లీ వర్జీనియాకు చెందిన సైనికాధికారి. 1861 ఏప్రిల్ 20న అమెరికా సైన్యానికి రాజీనామా చేసి, అదే రోజు బాల్టిమోర్‌లో ఉన్న అక్క యాన్ మార్షల్‌కు ఉత్తరం రాశాడు. ఆమె కుటుంబం సమైక్య పక్షం వహించింది, కొడుకు ఉత్తరాది సైన్యంలో పనిచేశాడు. దేశం పట్ల భక్తి ఉన్నా తన బంధువుల మీద, పిల్లల మీద, పుట్టింటి మీద కత్తి ఎత్తలేనని లీ వివరించాడు. తరువాత ఆయన దక్షిణాది సేనలకు నాయకత్వం వహించాడు.

బలూ దేశం కోసం కుటుంబాన్ని వదిలితే, లీ కుటుంబం పేరు చెప్పి దేశాన్ని వదిలాడు. ఇద్దరి భాషా ఒకటే: కర్తవ్యం, ప్రేమ, బాధ. పక్షాలు మాత్రం ఎదురెదురు. దీనినుండి విమర్శకుడు నేర్చుకోవలసిన పాఠం ముఖ్యమైనది. లేఖలోని చిత్తశుద్ధి ఆ పక్షపు న్యాయాన్ని నిరూపించదు. లీ బాధ నిజమే కావచ్చు. కాని ‘నా వాళ్ళు’ అన్న ఆయన మాటలో అక్క మార్షల్ కుటుంబం కూడా ఉండాలి కదా? తన కుటుంబ ఎస్టేట్‌లో బానిసలుగా పనిచేస్తున్న మనుషుల కుటుంబాల మాటేమిటి? ‘కుటుంబం’ అన్న పదం ఎవరిని కలుపుకొంటుంది, ఎవరిని వదిలేస్తుంది అన్నది చూడకుండా విధేయతను మెచ్చుకోవడం తొందరపాటు.

1.3.3 స్పాట్స్‌వుడ్ రైస్ లేఖలు

మూడవ ఉదాహరణ అంతగా ప్రచారంలో లేనిది. స్పాట్స్‌వుడ్ రైస్ మిస్సోరి రాష్ట్రంలో బానిసగా పొగాకు పనిచేసినవాడు. 1864లో తప్పించుకొని వచ్చి ఉత్తరాది సైన్యంలో నల్లజాతి దళంలో చేరాడు. మిస్సోరి సమైక్య పక్షంలోనే ఉన్న రాష్ట్రం కనుక 1863 నాటి విముక్తి ప్రకటన దానికి వర్తించలేదు. ఆ విధంగా తండ్రి ప్రభుత్వ సైనికుడు, కూతుళ్ళు మాత్రం ఇంకా బానిసలు. 1864 సెప్టెంబరులో సెయింట్ లూయీ సైనిక ఆసుపత్రి నుండి ఆయన రెండు లేఖలు రాశాడు. ఒకటి తన కూతుళ్ళకు: మిమ్మల్ని మరచిపోలేదు, ప్రాణం పోయినా మిమ్మల్ని విడిపించుకొంటాను అని. రెండవది ఒక కూతురిని తన ఆస్తిగా ఉంచుకొన్న యజమానురాలు కిటీ డిగ్స్‌కు: నా బిడ్డ దేవుడు నాకిచ్చిన హక్కు, దొంగతనం చేస్తున్నది నేను కాదు అని.

ఈ లేఖల్లో దేశానికీ కుటుంబానికీ మధ్య సంఘర్షణ లేదు. రైస్‌కు యుద్ధం చేయడమే తండ్రితనం. బలూ, లీ లేఖల్లో తూకం వేయవలసివచ్చిన రెండు విధేయతలు ఇక్కడ ఒక్కటైపోయాయి. ఇల్లు సురక్షితంగా ఉన్నవాడికి కుటుంబాన్ని వదలడం త్యాగం. కుటుంబమే ఇంకొకరి ఆస్తిగా ఉన్నవాడికి దాన్ని దక్కించుకోవడమే పోరాటం.

ఇవి ఎలా నిలిచాయో కూడా గమనించండి. డిగ్స్ బంధువు ఒకరు వీటిని జతచేసి, ఈ సైనికుణ్ణి రాష్ట్రం నుండి పంపించివేయాలని సైన్యాధికారికి ఫిర్యాదు చేశాడు. ఆ ఫిర్యాదు వల్లనే లేఖలు ప్రభుత్వ దస్త్రాల్లో మిగిలాయి. బలూ లేఖను ప్రేమ దాచింది, రైస్ లేఖలను పగ దాచింది. మరొక విశేషం. రైస్ కుమార్తె మేరీ బెల్ వృద్ధాప్యంలో, 1937లో, మాజీ బానిసల జ్ఞాపకాలు సేకరించిన వారికి తన తండ్రి గురించి చెప్పింది. తండ్రి ఉత్తరానికి డెబ్బై ఏళ్ళ తరువాత కూతురి నోటిమాట తోడైంది.

అవగాహనను పరీక్షించుకోండి – 1
1. బలూ, లీ లేఖల్లో విధేయత భావన ఏ విధంగా భిన్నమైనది?
2. రైస్ లేఖలు భద్రపడిన తీరు మనకు ఏమి తెలుపుతుంది?

1.4 తెలంగాణ సాయుధ పోరాటం – లేఖ ఎందుకు లేదు?

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో ఉధృతమై, 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత కూడా కొనసాగి, 1951 అక్టోబరులో విరమించిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఒకే నేల మీది మనుషుల మధ్య జరిగిన యుద్ధం. ఒకవైపు దేశముఖులు, రజాకార్లు, నిజాం పోలీసులు, తరువాత భారత సైన్యం. మరొకవైపు గ్రామ దళాలు. కొన్ని ఇళ్ళు నిలువునా చీలాయి. భూస్వామ్య కుటుంబంలో పుట్టిన భీమిరెడ్డి నరసింహారెడ్డి, మల్లు స్వరాజ్యం అన్నాచెల్లెళ్ళు తమ వర్గానికి ఎదురు నిలిచారు.

ఇంత పెద్ద పోరాటం నుండి బలూ లేఖ వంటి కుటుంబ లేఖ ప్రసిద్ధం కాకపోవడానికి కారణాలు మూడు.

ఒకటి, చదువు. నిజాం పాలనలో పాలనకూ ఉన్నత విద్యకూ ఉర్దూ మాధ్యమం. తెలుగు బడులు తక్కువ. ఆంధ్ర మహాసభ, గ్రంథాలయోద్యమం తెలుగు చదువు కోసం అంతగా పాటుపడింది ఇందుకే. పోరాటంలో పాల్గొన్న సామాన్య రైతు, కూలీ, చాకలి కుటుంబాల స్త్రీలలో చాలామందికి అక్షరాలు రావు.

రెండు, గోప్యత. అజ్ఞాతవాసంలో ఉన్నవారి చేతి రాత పోలీసులకు చిక్కితే అది సాక్ష్యం. హైదరాబాదు సంస్థానానికి సొంత టపా వ్యవస్థ ఉండేది. ప్రభుత్వం మీద పోరాడేవారు ప్రభుత్వ టపాలో ఇంటికి ఉత్తరం వేయలేరు. కబురు మనిషి చేత నోటిమాటగా వెళ్ళాలి, లేదా చీటీగా వెళ్ళి చదివిన వెంటనే చింపివేయబడాలి.

మూడు, జైలు. అక్కడ కాగితం, కలం కూడా ప్రభుత్వ దయ. దాశరథి కృష్ణమాచార్య నిజామాబాదు జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడన్నది సుప్రసిద్ధం. కాగితం అందని చోట గోడే పుటయింది.

కాబట్టి లేఖ లేకపోవడం ప్రేమ లేకపోవడం కాదు. ఆ ప్రేమ వేరే రూపం వెదుక్కొంది.

1.5 ‘మనకు తెలియని మన చరిత్ర’

స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాల సంకలనం. అంతకుముందు, 1972లో, పుచ్చలపల్లి సుందరయ్య పోరాట చరిత్రను సమగ్రంగా రాశారు. అందులో స్త్రీల పాత్రకు ప్రత్యేక అధ్యాయం కేటాయించారు. అధ్యాయంలో స్త్రీ త్యాగానికి ఉదాహరణ. ఈ సంకలనంలో స్త్రీయే వక్త. ‘త్యాగం’ అన్న మాట ఎవరు ఎవరి గురించి వాడుతున్నారన్న తేడా ఇక్కడే తెలుస్తుంది.

కమలమ్మ కథనం ఇందుకు తగిన ఉదాహరణ. దళంతో అడవిలో తిరుగుతూ ఆమె బిడ్డను కన్నది. బిడ్డ ఏడిస్తే దళం ఉనికి బయటపడుతుంది. అందువల్ల బిడ్డను ఇతరులకు ఇచ్చివేయవలసి వచ్చింది. బలూ లేఖలో ఊహగా ఉన్న ప్రశ్న – ఒక ఆశయం కోసం బిడ్డ భవిష్యత్తును ఇచ్చేయవచ్చునా – కమలమ్మకు ఒక రోజున, ఒక చోట, చేతుల్లో పసికందుతో ఎదురైంది.

ఇటువంటి కథనం లేఖలాగా తీర్చిదిద్దినది కాదు. మాట ముందుకూ వెనక్కూ వెళుతుంది. గర్వం, దుఃఖం, కోపం ఒకే వాక్యంలో కలిసిపోతాయి. వక్త మధ్యలో ఆగుతుంది, విన్నవారిని ఎదురు ప్రశ్న వేస్తుంది. రాత సాహిత్యపు కొలతలతో చూస్తే ఇవి లోపాలు. మాట సాహిత్యపు కొలతతో చూస్తే ఇవే ప్రమాణాలు. ముప్ఫై ఏళ్ళు ఎవరూ అడగని సంగతిని మొదటిసారి చెబుతున్నప్పుడు మాట సాఫీగా రాకపోవడమే సహజం.

ఒక జాగ్రత్త కూడా అవసరం. కమలమ్మ బాధను చూపి పోరాటాన్నే తప్పు పట్టడం ఎంత తేలికో, పోరాటపు గొప్పతనం చూపి ఆ బాధను చిన్నది చేయడం అంతే తేలిక. ఈ స్త్రీలలో చాలామంది ఆ రోజులను తమ జీవితంలో ఉన్నతమైన కాలంగా తలచుకొంటారు. చాకలి ఐలమ్మకు భూమి హక్కు, స్వరాజ్యానికి తుపాకి, మరెందరికో నలుగురిలో మాట్లాడే ధైర్యం పోరాటమే ఇచ్చింది. పోరాటం ముగిశాక ‘ఇక ఇళ్ళకు పొండి’ అన్నప్పుడు కలిగిన బాధ కూడా ఈ కథనాల్లో వినిపిస్తుంది. తమ విధేయతకు ప్రతిగా ఉద్యమం తమకు ఎంత విధేయంగా ఉందన్నది వారి ప్రశ్న.

1.6 ‘నిర్జన వారధి’

కొండపల్లి కోటేశ్వరమ్మ 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. బాల్యంలోనే వితంతువై, తరువాత కమ్యూనిస్టు నాయకుడు కొండపల్లి సీతారామయ్యను పెళ్ళాడారు. అజ్ఞాతవాసంలో ఉన్నప్పుడు పిల్లలను తల్లి దగ్గర వదలవలసి వచ్చింది. తరువాతి కాలంలో భర్త ఆమెను విడిచిపెట్టారు. కొడుకు చందు నక్సలైటు ఉద్యమంలోకి వెళ్ళి తిరిగి రాలేదు. కూతురు కూడా తల్లికంటే ముందే కన్నుమూసింది. 2012లో, తొంభై ఏళ్ళు దాటిన వయసులో, ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ వెలువడింది. 2018లో నూరేళ్ళ నిండు వయసులో మరణించారు.

వారధి రెండు ఒడ్డులను కలుపుతుంది. జనం దాని మీదుగా నడిచి పోతారు. నిర్జనమైన వారధి అంటే అందరూ దాటిపోగా మిగిలినది. వెనుక తల్లి, ముందు పిల్లలు, పక్కన భర్త, చుట్టూ ఉద్యమం – అందరినీ దాటించి తాను ఒంటరిగా నిలిచిన స్త్రీ జీవితాన్ని ఈ రెండు పదాలు పట్టి ఇస్తాయి.

ఈ ఆత్మకథలోని ప్రత్యేకత దాని స్వరం. ఫిర్యాదుకు ఎంతో అవకాశమున్న జీవితాన్ని ఆమె నిబ్బరంగా చెబుతారు. ఆశయం మీద నమ్మకాన్ని వదలలేదు. ఆశయం పేరుతో తనకు జరిగిన అన్యాయాన్నీ దాచలేదు. విధేయత అంటే మౌనం కాదని ఈ పుస్తకం చెబుతుంది. సారా బలూ రాయని జవాబు ఎలా ఉండి ఉండేదో ఊహించదలచుకొన్న పాఠకుడికి ‘నిర్జన వారధి’ దగ్గరి దారి.

1.7 తులనాత్మక పరిశీలన

వీడ్కోలు లేఖ వెళ్ళేవారి ప్రక్రియ. మౌఖిక కథనం, ఆత్మకథ మిగిలినవారి ప్రక్రియలు. లేఖకు రేపు తెలియదు, అందుకే అందులో ఆశ ఉంటుంది. కథనానికి రేపు తెలిసిపోయింది, అందుకే అందులో లెక్క ఉంటుంది. లేఖ త్యాగాన్ని ఒక క్షణంగా చూపిస్తుంది. కథనం దాన్ని ముప్ఫై, నలభై ఏళ్ళ జీవితంగా చూపిస్తుంది. బలూ ఒక్కసారి మరణించాడు. సారా యాభై ఆరేళ్ళు వితంతువుగా బతికింది. రెండింటిలో ఏది పెద్ద త్యాగమని తేల్చడం విమర్శ పని కాదు. రెండవది ఎందుకు రాతకెక్కలేదని అడగడం విమర్శ పని.

ఈ ప్రశ్నను ఆధారంగా చేసుకొని ఏ యుద్ధ రచననైనా చదివేటప్పుడు నాలుగు విషయాలు పరిశీలించండి: మాట్లాడుతున్నది ఎవరు? త్యాగం చేసినది ఎవరు? ఆ త్యాగానికి వారి సమ్మతి ఉందా? ఆ మాట మనదాకా ఎలా వచ్చింది?

అవగాహనను పరీక్షించుకోండి – 2
1. తెలంగాణ పోరాటం నుండి కుటుంబ లేఖలు ఎక్కువగా లభించకపోవడానికి కారణాలేవి?
2. ‘నిర్జన వారధి’ అన్న శీర్షిక ఔచిత్యాన్ని వివరించండి.

1.8 సారాంశం

అంతర్యుద్ధం విధేయతను ఇంటి సమస్యగా మారుస్తుంది. బలూ లేఖ దేశానికీ, లీ లేఖ సొంత రాష్ట్రానికీ బంధువర్గానికీ, రైస్ లేఖలు బిడ్డల విముక్తికీ కట్టుబడ్డాయి. తెలంగాణ పోరాటంలో చదువు లేమి, గోప్యత, నిర్బంధం వల్ల లేఖ స్థానాన్ని మౌఖిక కథనమూ ఆత్మకథా తీసుకొన్నాయి. కమలమ్మ, కోటేశ్వరమ్మ వంటివారి మాటల్లో త్యాగం బిరుదుగా కాక అనుభవంగా కనిపిస్తుంది. రచనలోని చిత్తశుద్ధిని గౌరవిస్తూనే, అందులో వినిపించని గొంతులను వెదకడం విమర్శకుడి బాధ్యత.

ముఖ్య పదాలు

ఉద్దిష్ట పాఠకుడు: రచన ఎవరిని ఉద్దేశించి రాయబడిందో ఆ వ్యక్తి.
మౌఖిక కథనం: వక్త నోట చెప్పగా రికార్డు చేసి అక్షరబద్ధం చేసిన జీవిత కథ.
అజ్ఞాతవాసం: నిర్బంధం వల్ల ఉనికి తెలియనీయకుండా జీవించడం.

నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. అమెరికా అంతర్యుద్ధపు మూడు లేఖల్లో విధేయత భావనను తులనాత్మకంగా విశ్లేషించండి.
2. ‘లేఖ వెళ్ళేవారి ప్రక్రియ, కథనం మిగిలినవారి ప్రక్రియ’ – ఈ అభిప్రాయాన్ని సోదాహరణంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. లేఖా ప్రక్రియ లక్షణాలు పేర్కొనండి.
2. ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రాముఖ్యాన్ని తెలపండి.

III. కృత్యం
మీ ఇంట్లోగాని, మీ ఊళ్ళోగాని దాచి ఉంచిన ఒక పాత ఉత్తరాన్ని, ఇంటివారి అనుమతితో చదవండి. అందులో ప్రస్తావన ఉన్న ఒక స్త్రీ ఇప్పటికీ జీవించి ఉంటే, ఆ రోజుల గురించి ఆమెను అడిగి, ఆమె మాటల్లోనే రెండు పుటలు రాయండి. ఉత్తరంలో ఉన్నదానికీ, ఆమె చెప్పినదానికీ గల తేడాలను చివర ఒక పేరాలో వివరించండి. ఆమె వాడిన పాలమూరు మాటలను గ్రాంథికంలోకి మార్చకండి.